నవ్వు ఆపుకున్న ఊరు

బల్ల అంచు దాటాక కూడా కోడి నడుస్తూనే ఉంది.

సూరిబాబు నూకల పళ్ళెం దాని ముక్కుకు ఎదురుగా పట్టుకుని వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. కోడి చూపంతా పళ్ళెం మీదే. బల్ల అయిపోయింది. ఒక కాలు గాల్లో పడింది. రెండోదీ పడింది. పెళ్ళివారింటికి బయలుదేరిన పెద్దముత్తైదువలా మెడ ఆడిస్తూ, ఏమీ లేనిచోట అడుగులో అడుగేసుకుంటూ వస్తోంది. దాని మెడకు కట్టిన అగ్గిపెట్టెంత పెట్టె తేనెటీగలా సన్నగా రొద చేస్తోంది.

ఆ పెట్టె తయారుచేసిన సునంద ఊపిరి బిగబట్టింది. ఇన్నేళ్ళ తన చదువంతా ఇప్పుడు ఆ కోడి కాళ్ళకీ గచ్చుకీ మధ్య ఖాళీలో ఉంది.

సూరిబాబుకు నవ్వు ఆగలేదు. సునంద ప్రయోగశాలలో సహాయకుడు, రాజోలు దగ్గర మనిషి, నవ్వొస్తే బొజ్జతో సహా నవ్వుతాడు. "అయ్యబాబోయ్, దీని దర్జా చూశారటండీ!" అన్నాడు.

కోడి ఉలిక్కిపడి తల తిప్పింది. కిందికి చూసింది. ఒక్క లిప్తపాటు అలాగే నిలబడి, ఆ తరవాత రాయిలా పడింది.

"చంపేశావు," అంది సునంద.

"నేనేం చేశానండీ, నవ్వాను."

"అదే. నువ్వు నవ్వావు, దానికి తెలిసింది."

రాయిని వదిలితే వెంటనే పడుతుంది. చచ్చిన కోడిని వదిలినా వెంటనే పడుతుంది. ఆ ప్రయోగం కూడా చేశారు, ఆ సాయంత్రం సూరిబాబు ఇంట్లో పులుసు కాగింది. ప్రాణం ఉన్నదానికి మాత్రం, కాలికింద ఆధారం పోవడానికీ ఆ సంగతి ఒంటికి తెలియడానికీ మధ్య ఒక చిన్న ఎడం ఉంటుంది. ఆ ఎడంలో భూమి లాగదు. తెలిసే దాకా ఓపిక పడుతుంది. ఆ ఎడం ఎంత చిన్నదంటే మనిషి పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ గమనించలేదు. సునంద గమనించింది. ఆమె పెట్టె చేసే పనల్లా దాన్ని సాగదీయడం. పచ్చి జిగురు సాగినట్టు సాగేది, తెంపకపోతే ఎంతసేపైనా.

ఒకసారి కింద చూసుకున్న కోడికి మాత్రం మళ్ళీ ఆ పెట్టె పనిచేయలేదు. పక్క గంపలోంచి తొంగిచూసిన కోడికీ పనిచేయలేదు. అదీ చూసింది కదా.

ఇంత చదువుకున్న మనిషికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందని సమావేశాల్లో ఎవరైనా అడిగితే సునంద పెద్ద పెద్ద పేర్లు చెప్పేది. నిజానికి అది ఒక నులకమంచం మీద పుట్టింది. ఆమె తండ్రి ఎల్లాగౌడ్ కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగి, ఆ మంచానికే అంటుకుపోయాడు. ఎదురుగా గూట్లో చిన్న టీవీ. అందులో మాటల్లేని కార్టూన్లు వచ్చేవి. బొద్దుపిల్లి ఒకటి కోడిపుంజును తరుముతూ కొండ అంచు దాటేది. గాల్లో కాళ్ళు గిర్రున తిప్పేది. తాపీగా కిందికి చూసి, గుడ్లు తేలేసి, అప్పుడు పడేది. పడ్డచోట పిల్లి ఆకారంలో గుంత. మరుక్షణం మళ్ళీ పరుగు.

"ఎందుకు పడలె నాయినా?" అని అడిగింది చిన్నప్పటి సునంద.

"కిందికి సూడలె గద బిడ్డా," అన్నాడు ఎల్లాగౌడ్, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

ఆయన నవ్వితే నడుం నొప్పి. అయినా నవ్వేవాడు, నొప్పికి మూలుగుతూ నవ్వేవాడు. అట్లాగే ఒక చలికాలం వెళ్ళిపోయాడు. ఆయన చెట్లు కొడుకు పర్శాగౌడ్‌కు వచ్చాయి, కార్టూన్ల పిచ్చి కూడా అతనికే వచ్చింది. సునందకు ఆ ప్రశ్న మిగిలింది.

*

పెట్టె ఎవరికి కట్టాలన్న దగ్గర పని ఆగిపోయింది. మనిషన్నవాడు ఎత్తెక్కితే కిందికి చూస్తాడు. చూడొద్దంటే ఇంకా చూస్తాడు. ఇక "ఈ పెట్టె నిన్ను పడనివ్వదు" అని చెప్పి కట్టామా, అయిపోయింది; కాలు జారగానే వాడికి ముందు గుర్తొచ్చేది పెట్టే.

చూడని మనుషులు ఎక్కడున్నారో సునందకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో తాటివనం ఇళ్ళకు ఆనుకునే ఉంటుంది. చెట్టెక్కినవాడికి ఊరి వాకిళ్ళన్నీ అరచేతిలో గీతల్లా కనిపిస్తాయి. తడకల చాటున నీళ్ళు పోసుకునే ఆడవాళ్ళూ కనిపిస్తారు. అందుకని అక్కడ కల్లుగీసే గౌండ్లవాళ్ళు ఎక్కేముందు "చెట్టెక్కుతున్నా!" అని గట్టిగా కేక వేస్తారు. ఎక్కాక చూపు చెట్టు తలలోని మొవ్వ మీదే ఉంటుంది. దిగేటప్పుడు బోదె మీదే. కిందికి చూసినవాడికి ఊళ్ళో పిల్లనివ్వరు. తరతరాల మర్యాద అది. ఇప్పుడది ఒంటి అలవాటైపోయింది.

"మీ అన్నయ్యగారినే పెడతారటండీ?" అన్నాడు సూరిబాబు, ఈసారి నవ్వకుండా. "చెప్పకుండా ఎలాగండీ? కోళ్ళకంటే చెప్పలేదు, అవి అడగలేదు."

"చెప్తే పనిచేయదు."

"అందుకే అంటున్నాను. చెప్పలేనిది చేయొచ్చా అని."

సునంద పెట్టె తీసి సంచిలో వేసుకుంది. ఆ ఆదివారమే ఊరికి వెళ్ళింది. గుండె ఎట్లా కొట్టుకుంటుందో రాసుకునే పెట్టె అని చెప్పి అన్న మొలతాడుకు కట్టింది. పర్శాగౌడ్ దాన్ని తట్టి చూసుకుని, "నా గుండె సప్పుడు పట్నంల ఇనవడ్తదా? ఇంట్ల మీ వొదినెకే ఇనవడది," అన్నాడు.

వదిన రాజవ్వకు మాత్రం నిజం చెప్పింది. కింద ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా అనుకుంది. అది రాజవ్వకు ఎంత బరువో అప్పుడు తోచలేదు.

రాత్రి బువ్వ తిని పర్శాగౌడ్ ఫోను చెంబుకు ఆనించి పెట్టుకుంటాడు. టీవీ పోయి ఎన్నో ఏళ్ళు, మధ్యలో ఎన్ని ఛానళ్ళు వచ్చాయో పోయాయో. ఆ పిల్లీ ఆ పుంజూ మాత్రం ఫోన్లోకీ వచ్చి కూర్చున్నాయి. యాభై దగ్గరపడ్డ మనిషి, మీసాలు నెరిసిన మనిషి, తొడ చరుచుకుంటూ నవ్వుతాడు. ఇంతకుముందు రాజవ్వ కూడా పక్కన కూర్చుని, పిల్లి కన్నా మొగుణ్ణి చూసి ఎక్కువ నవ్వేది. ఇప్పుడు పిల్లి కొండ అంచు దాటగానే ఆమె కళ్ళు మూసుకుంటుంది. ఒక రాత్రి చెయ్యి చాచి ఫోను లాగేసుకుంది.

"దీనికేం రోగమొచ్చిందిర బై! ఇయ్యవే."

"ఎన్నిసార్లు సూస్తవ్ గదే? గది పడ్తదని నీకు దెల్వదా?"

"తెల్సు. లేస్తదని గూడ తెల్సు." పర్శాగౌడ్ నవ్వు ఆపాడు. "మా నాయిన ఒక్కపారి పడ్డడు, మంచమే ఆయె. గిది దినాం పడ్తది, దినాం లేస్తది. గసొంటి పడుడు మాకేడ దొర్కుతది జెప్పు? గందుకే సూస్త."

రాజవ్వ ఫోను తిరిగి ఇచ్చేసి, గిన్నెలు తోమే నెపంతో బయటికి పోయింది.

*

అది కార్తీకం పొద్దు. మంచు ఇంకా విడలేదు. తాటికమ్మల చివర్ల నుంచి నీటిబొట్లు రాలుతున్నాయి, ఊరు పాలల్లో నానేసినట్టుంది. రాజవ్వ కల్లు నిండిన లొట్లు తీసుకుపోవడానికి చెట్టు కింద నిలబడి ఉంది. పైనుంచి ఏదో వచ్చి కాళ్ళ దగ్గర దబ్బున పడింది. పామనుకుని వెనక్కి గెంతింది.

పాము కాదు. మోకు. పర్శాగౌడ్ నడుముకీ చెట్టుకీ కలిపి కట్టి ఉండాల్సిన మోకు, తెగి పడింది.

తలెత్తింది. అతను మొవ్వ పక్కన వెనక్కి వాలి, ఏ ఆసరా లేకుండా, మంచంమీద వాలినట్టు గాలిమీద వాలి గెల గీస్తున్నాడు. చిన్నగా కూనిరాగం తీస్తున్నాడు. నడుం దగ్గరి పెట్టె రొద కిందిదాకా వినిపిస్తోంది, లేకపోతే అది ఆమె చెవుల్లోని హోరో.

రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. చెట్టు చాటుకు పోయి ఫోను తీసింది.

"సునందా, మోకు నా కాళ్ళకాడ పడ్డది."

హైదరాబాదులో సునంద ఫోను చెవికి నొక్కుకుంది. "అన్న?"

"మీన్నే ఉన్నడు. పాట వాడుతుండు."

"వదినె, ఇను. అరవకు. ఎవ్వల్ని పిలవనియ్యకు. నవ్వనియ్యకు."

"నవ్వుడేందే తల్లీ, నా పానం వోతుంటే!"

"నీకు రాదు. సూసెటోళ్ళకు వస్తది."

"ఎట్ల దించాలె?"

"దించలేం. దిగుదామని మోకు కోసం చెయ్యి వెట్టిండంటే తెలుస్తది. తెలిస్తె పడ్తడు. గడ్డి ఎయ్యుండ్రి వదినె కింద. ఊళ్ళె ఎంత గడ్డుంటె అంత. నేను బయలెల్లుతున్న. గానీ నేనొచ్చేదాంక ఆగది."

పర్శాగౌడ్ మొదటి చెట్టు పని ముగించాడు. పక్క చెట్టు కమ్మలు ఈ చెట్టు కమ్మల్ని రాసుకుంటున్నాయి. వాళ్ళ నాయిన పడుచుతనంలో మట్టల మీంచి మట్టల మీదికి దాటేవాడు. ఆ సంగతి గుర్తొచ్చిందో ఏమో, మోకు లేనిది తోచనే లేదు, ఒక మట్ట మీద కాలేశాడు. రెండో కాలు ఇంకో మట్ట మీద వేశాననుకున్నాడు. అక్కడ మట్ట లేదు, మంచు ఉంది. మంచు మీద నడిచి రెండో చెట్టు మొవ్వ చేరుకుని, లొట్టి దించి, కత్తి తీసి గీయడం మొదలుపెట్టాడు.

ఆ వరుస ఊరి వెంబడే పోతుంది. చివరి చెట్టు దాకా పని ఉంది. అది అయ్యాకే దిగుతాడు. రాజవ్వకు ఉన్న వ్యవధి అంతే.

ఆమె పరిగెత్తిన పరుగు ఊరు చాలారోజులు చెప్పుకుంది. జంగారెడ్డి ట్రాక్టరు వరిగడ్డి ఎత్తుకుని బయల్దేరబోతోంది. "అన్నా, ఈ గడ్డి మా ఆయన కింద వొయ్యి," అంది పైకి చూపిస్తూ. జంగారెడ్డి అర్థంకాక పైకి చూశాడు. చేతిలోని టీగ్లాసు అట్లాగే వంగి టీ అంతా పంచె మీదికి కారింది. అతను కేక వేయలేదు. రాజవ్వ అరచెయ్యి అప్పటికే అతని నోటి మీద ఉంది.

ట్రాక్టరు కదిలింది. పైన మనిషి రెండో చెట్టు నుంచి మూడో చెట్టుకు నడుస్తుంటే, కింద గడ్డిబండి అతని నీడను పట్టుకుని నడిచింది. వెనక గడ్డి మోపులతో జనం. ఒకడు అందరికన్నా ముందు పోవాలని గడ్డి ఎగదోసే పారకర్ర అడ్డంగా తొక్కాడు. అది లేచి జంగారెడ్డి నుదుటిమీద ఠంగున కొట్టింది. జంగారెడ్డి నోరు తెరిచి, మూసి, కన్నీళ్ళు కార్చుకుంటూ స్టీరింగు పట్టుకున్నాడు. పట్టుకున్నది అటు తిరిగింది. ట్రాక్టరు పోయి ముసలి బాలవ్వ నీళ్ళు పోసుకునే తడకను చాపలా చుట్టేసింది. అదృష్టం కొద్దీ బాలవ్వ లోపల లేదు. జొన్నరొట్టె పట్టుకుని గడపలో కూర్చుంది. కూలిన తడకను చూసి, ట్రాక్టరును చూసి, ఆకాశంలో నడుస్తున్న పర్శాగౌడ్‌ను చూసి, తిట్టడానికో మొక్కడానికో పెద్దగా నోరు తెరిచింది. రాజవ్వ ఆమె చేతిలోని రొట్టె లాక్కుని ఆ నోట్లోనే పెట్టింది.

అక్కడితో ఊరి గుండె నిబ్బరం సడలింది. ఒకరి భుజం ఒకరు కరుచుకున్నారు. చెంపలు బూరెల్లా పొంగాయి. కళ్ళ నుంచి నీళ్ళు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక గడ్డిమోపులో తల దూర్చేసింది, బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. భయంతో చచ్చిపోతూ నవ్వుతో చచ్చిపోతున్న మనుషులు. ఒక్క చప్పుడు లేదు. పిల్లల నోళ్ళు తల్లులు మూశారు, తల్లుల నోళ్ళు వాళ్ళే మూసుకున్నారు.

"ఎవలయ్య గది? జంగన్న ట్రాక్టరేనా?" పైనుంచి పర్శాగౌడ్ గొంతు, మొవ్వలోకి చూస్తూనే.

జంగారెడ్డి బొప్పి నొక్కుకున్నాడు. "నేనే పర్శన్నా."

"పొద్దుగాల్నే గడ్డేడికి?"

"బర్లకు."

"నీ బర్లు గిటెప్పుడు మేసినయే?"

"ఇయ్యాల్టి సంది మేస్తయి," అన్నాడు జంగారెడ్డి. ఆ మాటకు వెనక ఇద్దరు మోకాళ్ళ మీద కూలబడి నేల గీరుకున్నారు.

చివరి చెట్టు. కిందున్నది గడ్డివాము కాదు, గడ్డికొండ. ట్రాక్టరు తొట్టి దాని అడుగున కనబడడం లేదు. మంచు పలచబడి, ఎండ పసుపు నీళ్ళలా కమ్మల మీద పడుతోంది. కొంగలు నాలుగు అతని మోకాళ్ళ కిందుగా ఎగిరి చెరువు వైపు పోయాయి. అతను చెట్టుకు రెండు బారల దూరంలో నిలబడి లొట్టి మూతి తుడుచుకుంటున్నాడు. ఇంకాసేపటికి దిగబోతాడు. మోకు కోసం నడుం తడుముకుంటాడు. కంగారులో ఎటు అడుగేస్తాడో, గడ్డి ఉన్నవైపో లేనివైపో!

ఇప్పుడు సరిగ్గా గడ్డికి నడిమధ్యన ఉన్నాడు. తెలియాలంటే ఇప్పుడే తెలియాలి. రాజవ్వకు ఇంకోటి కూడా తోచింది: తెలియడమే జరిగితే అది తన నోటినుంచి తెలియాలి. ఇన్నాళ్ళూ దాచింది తను కదా.

"ఇగో, ఇంటున్నవా?"

"చెప్పవే."

"ఎట్లున్నది మీన?"

"ఏమోనే, ఇయ్యాల ఒళ్ళు దూదిలెక్కున్నది. చేతులు నొస్తలెవ్వు. చెట్లే నా కాడికి జరిగొచ్చినట్టున్నయి." గొంతులో ఏదో నిద్రలోంచి మాట్లాడే తీపి. "గిట్ల దినాం ఉంటె ముసలితనం గూడ రాదు."

రాజవ్వ తలెత్తి చూస్తూ ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో తప్ప అతని గొంతు అట్లా వినలేదు. ఇంకొంచెంసేపు ఉండనిస్తే ఏం పోయింది అనిపించింది. ఉండనిచ్చింది. ఊరంతా నోరు మూసుకుని ఆమెకు ఆ కాస్త వ్యవధి ఇచ్చింది.

"నీకో ముచ్చట జెప్పాలె," అంది చివరికి. "కోపం జెయ్యద్దు."

"దిగినంక జెప్పు."

"దిగినంక జెప్పేది గాదు. నీ మొలకున్న పెట్టె గుండెది గాదు."

"మరేంది?"

"కిందికి సూడు."

"సీ! బాలవ్వ నీళ్ళు వోసుకునే యాళ్ళ గది."

"బాలవ్వ ఈన్నే ఉన్నది, రొట్టె తింటుంది. నేను జెప్తున్న గద. సూడు."

జీవితంలో మొదటిసారి పర్శాగౌడ్ చెట్టు మీంచి కిందికి చూశాడు. ముందు తన మోకాళ్ళు కనిపించాయి. తరవాత పాదాలు. పాదాల కింద ఏమీ లేదు. ఇంకా కింద, గడ్డికొండ చుట్టూ, ఊరు ఊరంతా ముఖాలు పైకెత్తి నోటికి చేతులడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అతను ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూసినట్టే అనిపించింది, అంతసేపు నిలబడ్డాడు. పెట్టె రొద ఆగింది.

పడ్డాడు.

గడ్డి అతన్ని మింగేసింది. ధూళి లేచింది. కార్టూన్లో అయితే ఇక్కడ బొమ్మ మారుతుంది, పిల్లి మళ్ళీ ఉరుకుతూ ఉంటుంది. ఇక్కడ బొమ్మ మారలేదు. గడ్డి కదల్లేదు. మొదట రాజవ్వ దూకింది, ఆమె వెనక అందరూ. పారలు వద్దని చేతులతోనే, దోసిళ్ళకొద్దీ గడ్డి తవ్వారు. తవ్వుతుంటే ఎవరి ఏడుపు ఎవరిదో తెలియలేదు.

ముందు జుట్టు కనిపించింది, కాకిగూడులా. తరవాత ముఖం. ఒళ్ళో లొట్టిని చంటిపిల్లలా రెండు చేతులా పొదువుకుని ఉన్నాడు.

"లొట్టి వల్గలే," అన్నాడు.

బాలవ్వ నోట్లోంచి రొట్టె ఊడిపడింది. ముందు నవ్వింది ఆమే. తరవాత జంగారెడ్డి. తరవాత ఊరు. పొద్దుటినుంచి బిగబట్టిన నవ్వు కట్ట తెగి వచ్చింది. గడ్డిలో పడి దొర్లారు. రాజవ్వ గడ్డిపరకలతో మొగుణ్ణి కొడుతూ ఏడుస్తూ నవ్వింది. అతనూ నవ్వబోయి, కాలు కదిపి, "అవ్వా!" అని అరిచాడు. నవ్వు టక్కున ఆగింది.

*

సునంద జిల్లా ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న మంచం మీద ఉన్నాడు, కాలికి పిండికట్టు. నడుం బాగానే ఉందని డాక్టరు చెప్పిందాకా ఆమె గడప దాటలేదు. చెప్పాక దాటింది. రాజవ్వ లేచి కుర్చీ ఇచ్చింది. పర్శాగౌడ్ కిటికీ వైపు చూస్తున్నాడు.

"వొదినె అంత జెప్పింది," అన్నాడు. "ముందు కోడికి కట్టినవట. ఎనుక నాకు."

"నీకు జెప్తె పనిజెయ్యదన్నా."

"గందుకని నన్ను కోడిని జేసినవ్."

సునంద తల వంచుకుంది. వార్డులో ఎవరిదో రేడియో.

"ఎట్లుండెనన్నా?" అంది సునంద, ఉండబట్టలేక. ఆ ప్రశ్నకు ఆమెకే సిగ్గేసింది. అయినా అడక్క తప్పలేదు. అది చేసింది తనే, అందరికన్నా ఎక్కువ తెలిసిందీ తనకే. ఆ గాలి తనను ఎన్నటికీ మోయదు.

పర్శాగౌడ్ ఆమె వైపు తిరిగాడు. ఆ ముఖం చూశాక అతని కోపం కొద్దిగా పక్కకు జరిగింది.

"మంచిగుండె. అబద్ధమెందుకు, శాన మంచిగుండె." "ఇన్నేండ్ల సంది నేను తప్పు సూసిన చెల్లె. ఆ పిల్లి కిందికి సూసి నేలకు బయపడ్తదనుకున్న. కాదు. అది మనల్ని సూస్తది. మనం నవ్వుతున్నమా లేదా అని. మనం నవ్వుతుంటే దానికి ధైర్నం, ఏం గాదు, మల్ల లేస్త అని. నేను కిందికి సూసిన. ఊరంత ఉన్నది. ఒక్కలన్న నవ్వుతలేరు. గప్పుడు తెల్సింది నాకు, నేను లెవ్వనని అందరికి ఎరుకేనని. గాలి లేదని గాదు. మీ మొఖాలు సూసి పడ్డ."

రాజవ్వ ముఖం తిప్పుకుంది.

"ఇగ మాకెవ్వలకు పనిజెయ్యదు గదా అది?" అన్నాడు.

"సూసినోళ్ళకు ఎవ్వలకు జెయ్యదు."

"ఊరంత సూసింది."

"అవు."

"ఇంకో ఊరికి వోతవా మరి? ఆళ్ళకూ గుండె పెట్టె అని జెప్పి కడ్తవా? ఆ ఊళ్ళె ఒక్కడు బతుకుతె కిందున్న గౌండ్లోళ్ళందరికి ఇగ పెట్టె లేనట్టే. గంతేనా?"

సునంద రాత్రిళ్ళు వేసుకున్న లెక్క అదే. కాగితం మీద అది ఎప్పుడూ లాభంగానే తేలేది. ఇక్కడ అన్న నోట్లో వింటే అట్లా లేదు.

"మంచిదే జేసినవ్ చెల్లె. నాయిన కోసమే జేసినవ్, ఎరుకే." పర్శాగౌడ్ పిండికట్టును వేలితో తట్టాడు. "గానీ నాకు తెల్సినంక గూడ నన్ను పట్టుకునేది ఏదన్న జెయ్యి. పడ్తున్నని తెల్సి గూడ పట్టుకోవాలె అది."

విరిగిన కాలును పారకర్రకు కట్టి తెచ్చింది తెగిన మోకుతోనే. నర్సు విప్పి మంచం కింద పడేసింది. సునంద వంగి దాన్ని బయటికి లాగింది. వెలుతురున్న కిటికీ దగ్గరికి తీసుకుపోయి నేల మీద కూర్చుంది. పీచు బిరుసుగా చేతికి గుచ్చుకుంది. ఒక కొస తన ఒళ్ళో పెట్టుకుని, రెండో కొస రాజవ్వకు అందించింది.

"గట్టిగ గుంజి పట్టు వదినె," అంది. "ఏడ అరిగిందో సూస్త."